నల్లరేగడి గడ్డిబీళ్లు: నేల స్వభావం, మేపు పద్ధతి – తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదిలాబాద్, వికారాబాద్, జహీరాబాద్ ప్రాంతాల్లోనూ, నంద్యాల లోయలోనూ, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోనూ నల్లరేగడి అనగానే పత్తి, కంది, శనగ, జొన్న గుర్తుకు వస్తాయి. అయితే ఆ నేలల్లో సాగుకు రాని ముక్కలు, ఊరి మేత పోరంబోకులు, చెరువు శిఖాలు, కోత తర్వాత బీడుగా వదిలిన చేలు ఎప్పటి నుంచో పశువులకూ గొర్రెలకూ మేతనిస్తున్నాయి. పంట యాజమాన్యం గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఈ నేలను మేపు భూమిగా ఎలా చూసుకోవాలో చెప్పేవారు తక్కువ. రైతులూ కాపరులూ తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి.

నల్లరేగడి ఎండలకు ఎందుకు నెర్రెలిస్తుంది?

ఈ మట్టిలో బంకమన్ను పాలు చాలా ఎక్కువ. సాధారణంగా 40 నుంచి 60 శాతం వరకు, కొన్నిచోట్ల అంతకు మించి ఉంటుంది. అందులోనూ ప్రధానమైనది స్మెక్టైట్ జాతికి చెందిన ఖనిజం. దీని రేణువులు సన్నని పొరలు పొరలుగా ఉంటాయి, ఆ పొరల మధ్యకు నీరు చేరితే అవి ఎడమై మట్టి ఉబ్బుతుంది, నీరు పోతే దగ్గరపడి మట్టి కుంచించుకుపోతుంది. ఒక ఎకరం నేల అంతా ఒకేసారి కుంచించుకుపోవలసి వచ్చినప్పుడు అది చీలడం తప్ప మరో దారి లేదు. మార్చి నుంచి జూన్ తొలి వానల దాకా మనం చూసే నెర్రెలు అవే. వెడల్పు కొన్ని సెంటీమీటర్లు, లోతు మీటరు దాటడం కూడా మామూలే.

ఉబ్బడం, కుంగడం పైపైన మాత్రమే జరిగేది కాదు. లోపలి పొరల్లో తడిసిన మట్టి గడ్డలు ఒకదానిపై ఒకటి ఒత్తుకుంటూ జారుతాయి. గొయ్యి తవ్వి చూస్తే అర మీటరు కిందుగా, అద్దంలా నున్నగా మెరిసే ఏటవాలు తలాలు కనిపిస్తాయి. ఏ ఎర్రచెలకలోనూ ఇవి కనిపించవు. కంచె స్తంభాలు వాలిపోవడానికీ, ఇళ్ల గోడలు చీలడానికీ, చెట్ల సన్నవేర్లు తెగడానికీ ఈ కదలికే కారణం.

నల్లగా ఉంది కాబట్టి ఇది సారవంతమైన నేల అనుకోవచ్చా?

సగం మాత్రమే. రంగును చూసి సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉందని చాలామంది భావిస్తారు, కానీ మన మెట్ట నల్లరేగళ్లలో సేంద్రియ కర్బనం తరచుగా అర శాతానికి అటూ ఇటూగానే ఉంటుంది. కొద్దిపాటి సేంద్రియ పదార్థం బంకమన్నుతో గట్టిగా పెనవేసుకోవడం వల్ల, మూలశిలలోని కొన్ని ముదురు రంగు ఖనిజాల వల్ల ఆ నలుపు వస్తుంది.

పోషకాలను పట్టి ఉంచే శక్తి మాత్రం ఈ నేలకు నిజంగా ఎక్కువ. కాల్షియం, మెగ్నీషియం, పొటాష్ సాధారణంగా సమృద్ధిగా ఉంటాయి. నత్రజని తక్కువ. సున్నం ఎక్కువగా ఉండి ఉదజని సూచిక (పీహెచ్) 7.5 నుంచి 8.5 దాకా, ఒక్కోసారి పైకి ఉండడం వల్ల భాస్వరం, జింకు, కొన్నిచోట్ల ఇనుము నేలలో ఉన్నా వేళ్లకు సులభంగా అందవు.

లోపల తడి ఉన్నా పైన గడ్డి ఎందుకు వాడిపోతుంది?

మీటరు లోతున్న మంచి నల్లరేగడి, మొక్కకు అందే నీటిని సుమారు 150 నుంచి 200 మి.మీ. వానకు సమానంగా నిల్వ ఉంచుకోగలదు. అదే లోతున్న ఇసుక చెలకలో అందులో సగం కూడా నిలవదు. అయితే బంకమన్ను కొంత నీటిని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, చేతికి చల్లగా, తడిగా తగిలే మట్టిలో కూడా వేరు పీల్చుకోగలిగిన నీరు మిగిలి ఉండకపోవచ్చు. అందుకే పిడికెడు మట్టి తీసి తడి ఉందని చెప్పినంత మాత్రాన గడ్డికి నీరు ఉన్నట్టు కాదు.

ఇంకో విషయం కూడా ఉంది. ఎండిన నల్లరేగడి మీద పది మిల్లీమీటర్ల జల్లు పడితే ఆ నీరంతా పై రెండు మూడు అంగుళాల మట్టిలోనే ఆగి, రెండు రోజుల ఎండకు ఆవిరైపోతుంది. ఎర్రచెలకలో అదే జల్లుకు గడ్డి చిగురిస్తుంది. చిన్న వానలకు స్పందించకపోవడం, పెద్ద వానలను చాలాకాలం దాచుకోవడం ఈ నేల గుణం. లోతు తక్కువగా, అడుగున్నరలోనే రాయి తగిలే నల్ల నేలలకు ఈ దాచుకునే గుణం ఉండదని మరవకూడదు.

నెర్రెలు మేలు చేస్తాయా, కీడు చేస్తాయా?

రెండూ చేస్తాయి, కానీ మేపు భూమిలో మేలే ఎక్కువ అని నా అభిప్రాయం. తొలకరిలో పడే పెద్ద వాన నెర్రెల గుండా నేరుగా లోపలి పొరలకు చేరుతుంది. మొదటి గంటలో నేల ఎంత నీరైనా తాగుతున్నట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత మట్టి ఉబ్బి, నెర్రెలు మూసుకుంటే, ఇంకుడు వేగం గంటకు ఒక మిల్లీమీటరు కంటే కూడా తక్కువకు పడిపోతుంది. అక్కడి నుంచి పడే వానలో ఎక్కువ భాగం పారుతుంది లేదా నిలుస్తుంది. అంటే ఏడాదిలో లోతైన తడి నేలకు అందే మంచి అవకాశం నెర్రెలు తెరిచి ఉన్న ఆ తొలి వానలే. ఆ సమయానికి నేల మీద గడ్డి దుబ్బులు, ఎండు ఆకు ఉంటే నీరు నెమ్మదిగా నెర్రెలలోకి దిగుతుంది. నున్నగా మేసిన నేలైతే నీటితో పాటు పైమట్టీ, పేడా, గింజలూ అందులోకి కొట్టుకుపోతాయి.

కీడు విషయానికి వస్తే, నెర్రెల గోడల నుంచి కూడా నేల లోపలి తడి ఆవిరవుతుంది, సన్నవేర్లు తెగుతాయి, చిన్న గొర్రెపిల్లలు కాళ్లు ఇరికించుకుంటాయి. గడ్డి కప్పు దట్టంగా ఉన్నచోట నేల నెమ్మదిగా ఎండుతుంది, నెర్రెలు సన్నగా, ఎక్కువ సంఖ్యలో వస్తాయి. మేసి మేసి బోడిగా మారిన చోట తక్కువ సంఖ్యలో పెద్ద నెర్రెలు వస్తాయి. మే నెలలో మీ బీటిలో నడుస్తూ ఈ తేడాను గమనిస్తే గడ్డి ఏ స్థితిలో ఉందో చాలావరకు తెలిసిపోతుంది.

వానాకాలంలో నల్లరేగడి బీటిలో పశువులను మేపవచ్చా?

నేల బాగా తడిసి ఉన్నప్పుడు మేపకూడదు. ఈ నేల యాజమాన్యంలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోవలసింది. ఎన్ని పశువులను తోలాం అన్నది ముఖ్యమే, కానీ నల్లరేగడిలో ఏ తడిలో తోలాం అన్నది దానికంటే ముఖ్యం. ఎండిన నేల మీద వంద గొర్రెలు నెల రోజులు తిరిగినా జరగని నష్టం, ముసురు పట్టిన రెండు రోజుల్లో పది గేదెలు చేయగలవు.

కారణం సులభంగానే అర్థమవుతుంది. తడిసిన బంకమట్టికి బరువు మోసే బలం ఉండదు. గిట్ట కింద మట్టి నలిగి, రేణువుల మధ్య ఉన్న గాలి రంధ్రాలు మూసుకుపోతాయి, గడ్డి దుబ్బు మొదలు బురదలో కూరుకుపోయి చిగురు కణుపులు తెగుతాయి. గిట్ట గుంటల్లో నీరు నిలిచి అక్కడి వేళ్లకు ఊపిరాడదు. మంచి గడ్డి చచ్చిన ఆ ఖాళీల్లోకి తుంగ, వయ్యారిభామ చేరతాయి. ఎండిన తర్వాత అదే చోటు పెంకులా గట్టిపడి, వచ్చే ఏడు గింజ మొలవనివ్వదు. గొర్రె, మేక తేలికైనవి కాబట్టి వాటి తొక్కుడు తక్కువ హాని చేస్తుంది. పాడి గేదెలతోనూ బరువైన ఎద్దులతోనూ హాని ఎక్కువ. మంద నిలబడే చోట కంటే కదిలే దారిలో, గేటు దగ్గర, నీటి తొట్టి చుట్టూ ఇది తీవ్రంగా ఉంటుంది.

మన పెద్దలు దీన్ని గ్రహించే నడుచుకున్నారు. దక్కను పీఠభూమిలో సాధారణంగా మెరక మీద ఎర్రచెలక, గుట్టలు ఉంటాయి. పల్లంలో నల్లరేగడి ఉంటుంది. వానాకాలమంతా మందలు గుట్టల మీద, చెలకల్లో మేసి, కార్తీకం దాటి పంట కోతలయ్యాక నల్లరేగళ్లలోకి దిగేవి. ఎర్ర నేలలో తడి త్వరగా ఇగిరిపోతుంది కాబట్టి గడ్డి ముందు వచ్చి ముందు ఎండుతుంది; నల్ల నేలలో గడ్డి ఆలస్యంగా వచ్చి చలికాలమంతా పచ్చిదనం నిలుపుకుంటుంది. రెండు రకాల నేలలున్న రైతు ఈ క్రమాన్ని యథాతథంగా పాటించవచ్చు.

నల్ల నేల మాత్రమే ఉన్నవారు ఒక మెరక మూలను ముసురు రోజులకు కేటాయించి, అక్కడ మొరం పోసి, కోసిన మేత వేసి పశువులను ఆపడం మంచిది. ఆ మూల గడ్డి పాడవుతుంది, నిజమే; మిగతా బీడంతా మిగులుతుంది. కోస్తాలో గుంటూరు, ప్రకాశం జిల్లాలకు అక్టోబరు, నవంబరులో ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు కూడా ఉంటాయి కనుక అక్కడ ఈ జాగ్రత్త కాలం తెలంగాణ కంటే ఎక్కువ రోజులు ఉంటుంది.

మేపడానికి నేల పదునుకు వచ్చిందని ఎలా తెలుసుకోవాలి?

వాన వెలిసి ఎన్ని రోజులైందన్న లెక్క సరిపోదు, ఎండ, గాలి, గడ్డి మందం బట్టి అది మారుతుంది. జానెడు కంటే తక్కువ లోతులో, అంటే 8 నుంచి 10 సెం.మీ. కింద నుంచి కొంచెం మట్టి తీసి అరచేతుల మధ్య తీగలా పొడవుగా చేయండి. పెన్సిలు కంటే సన్నగా, సుమారు 3 మి.మీ. మందానికి వచ్చినా తెగకుండా సాగుతుంటే నేల ఇంకా మెత్తగా ఉన్నట్టు, పశువులను తోలవద్దు. ఆ మందానికి రాకముందే విరిగి పొడిపొడిగా రాలుతుంటే తోలవచ్చు. బీటిలో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట ఈ పరీక్ష చేయాలి, మెరక మీద కాదు. పై రెండు అంగుళాలు ఎండి గరుకుగా కనిపించినంత మాత్రాన మోసపోవద్దు, కింద బురద ఉండవచ్చు.

తొక్కుడు వల్ల గట్టిపడిన నేలను దున్ని బాగుచేయాలా?

చాలా సందర్భాల్లో అవసరం లేదు. ఎర్ర నేలకు లేని వరం నల్లరేగడికి ఒకటుంది: తడిసి ఉబ్బడం, ఎండి చీలడం అనే చక్రం దాని గట్టిదనాన్ని అదే విడగొడుతుంది. పశువులను దూరంగా ఉంచి, రెండు మూడు తడి–పొడి చక్రాలు గడవనిస్తే పైపొర మళ్లీ చిన్న చిన్న పలుకులుగా విచ్చుకుంటుంది. గడ్డి వేళ్లు నీటిని లాగి నేలను బాగా ఎండనిస్తేనే ఆ చక్రం పూర్తవుతుంది కాబట్టి గడ్డి బతికి ఉండడం ఇక్కడ ముఖ్యం. బోడి నేల దానంతటది బాగుపడడానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది.

లోతు పొరలో గట్టి పలక ఏర్పడి, గడ్డి పూర్తిగా పోయి, తిరిగి విత్తక తప్పని చోట మాత్రం వేసవిలో నేల ఎండి ఉన్నప్పుడు ఒకసారి లోతుగా నాగలి వేయవచ్చు. తడిలో మాత్రం ట్రాక్టరు దించవద్దు.

ఎకరాకు ఎన్ని పశువులను మేపవచ్చు?

ఊరికో జవాబు, ఏడాదికో జవాబు. అందుకే ఒక అంకె చెప్పడం కంటే లెక్క వేసే పద్ధతి చెప్పడం మేలు. అక్టోబరు చివర, గడ్డి ఎదుగుదల ఆగుతున్న సమయంలో, బీటిలో బాగున్న చోటా, సాధారణంగా ఉన్న చోటా, బోడిగా ఉన్న చోటా కలిపి ఎనిమిది పది చోట్ల చదరపు మీటరు గడ్డి కోసి ఎండబెట్టి తూకం వేయండి. సగటున చదరపు మీటరుకు 200 గ్రాముల ఎండుగడ్డి వచ్చిందనుకుందాం. అంటే ఎకరాకు సుమారు 800 కిలోలు. అందులో సగం నేలకే వదలాలి. వేరుకు, విత్తనానికి, నేల కప్పుకు అది అవసరం. మిగిలిన 400 కిలోలే మేత.

300 కిలోల బరువున్న ఆవు రోజుకు తన బరువులో రెండున్నర శాతం, అంటే ఏడున్నర కిలోల ఎండుమేత తింటుంది. ఆ లెక్కన ఒక ఎకరం ఒక ఆవుకు సుమారు 53 రోజులు సరిపోతుంది. 25 కిలోల గొర్రె మూడు శాతం చొప్పున ముప్పాతిక కిలో తింటుంది కనుక, ఒక ఆవు చోటు పది గొర్రెలు తీసుకుంటాయి. ఈ లెక్క వేసి చూసుకున్న వారిలో చాలామందికి, తమ బీడు మోయగల మందకూ తమ దగ్గర ఉన్న మందకూ మధ్య ఎంత తేడా ఉందో మొదటిసారి స్పష్టమవుతుంది. ఆ తేడాను చొప్ప, శనగ పొట్టు, కంది పొట్టు, పచ్చిమేత సాగుతో పూడ్చాలి తప్ప బీటి మీద వేయకూడదు.

ఏడాది పొడవునా మేపు, విశ్రాంతి ఎలా పంచుకోవాలి?

బీటిని కనీసం మూడు నాలుగు ముక్కలు చేసుకోండి. తొలకరి తర్వాత గడ్డి చిగురించే మొదటి ఆరు వారాలు అన్ని ముక్కలకూ విశ్రాంతి దొరికితే ఉత్తమం. అది కుదరకపోతే ప్రతి ఏటా ఒక ముక్కకైనా జూన్ నుంచి విత్తనం రాలే దాకా పూర్తి విశ్రాంతి ఇచ్చి, మరుసటి ఏడు ఆ వంతు ఇంకో ముక్కకు మార్చండి. మిగతా ముక్కల్లో నేల పదునుకు వచ్చిన విరామాల్లో రెండు మూడు రోజులు మేపి, నెల రోజులు వదలాలి. గడ్డిని నాలుగు అంగుళాల కంటే కిందికి మేయనివ్వవద్దు.

డిసెంబరు నుంచి మార్చి దాకా నల్లరేగడి మేపుకు అసలు కాలం. నేల గట్టిగా ఉంటుంది, దుబ్బులు విత్తనం రాల్చి ఉంటాయి, తొక్కుడు హాని చేయదు సరికదా రాలిన విత్తనాన్ని నేలకు తాకిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మిగిలిన ఎండు దుబ్బును వదిలేయడం మనకు వ్యర్థంలా కనిపిస్తుంది, కానీ తొలి వాన నీటిని నెర్రెలలోకి నడిపించేది అదే. దాన్ని తగలబెట్టడం వల్ల కొత్త చిగురు ముందు వచ్చినట్టు కనిపించినా, నేల కప్పు పోతుంది, నత్రజని పొగలో కలుస్తుంది.

నల్లరేగడికి ఏ గడ్డి జాతులు తగినవి?

మన ప్రాంతపు సహజ గడ్డిభూములను శాస్త్రవేత్తలు సెహిమా–డైకాంథియం మండలంగా వర్గీకరించారు. వీటిలో సెహిమా రాతి, మొరం నేలలను ఇష్టపడుతుంది. నల్లరేగడి రాజ్యం డైకాంథియం జాతులది. మార్వెల్ గడ్డి అని పిలిచే డైకాంథియం యాన్యులేటమ్ బంక నేలను, కొద్దిపాటి చౌడును, తొక్కుడును తట్టుకుంటుంది, పశువులు ఇష్టంగా తింటాయి. కోస్తా రేగళ్లలో చెంగలి గడ్డి అనే ఇసైలెమా కూడా ఎండినా రుచి కోల్పోని మంచి మేత. ఒంగోలు జాతి పశువు రూపుదిద్దుకున్న ప్రకాశం, గుంటూరు ప్రాంతపు నల్లనేలల్లో జొన్న చొప్పతో పాటు ఇలాంటి బీటి గడ్డి కూడా దానికి ఆహారం. నీరు నిలిచే పల్లాల్లో పారా గడ్డి నాటవచ్చు.

అంజన్ గడ్డి విత్తనం సులభంగా దొరుకుతుంది కనుక చాలామంది దాన్నే చల్లుతారు. అది తేలిక నేలల గడ్డి. నీరు నిలిచే బరువైన రేగడిలో నిలదొక్కుకోదు. సూపర్ నేపియర్ వంటివి కోసి వేసే మేతకు, మురుగు కాలువ, నీటి వసతి ఉన్న మడికి సరిపోతాయి కానీ మేపు బీటికి కాదు.

ఉన్న గడ్డిని గుర్తించకుండా కొత్త గడ్డి కోసం దున్నేయడం నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం. చదరపు మీటరుకు రెండు మూడు మార్వెల్ దుబ్బులు బతికి ఉన్న బీడుకు నాగలి కాదు, రెండు వానాకాలాల విశ్రాంతి కావాలి.

పప్పుజాతి మేతలు ఏవి వేయాలి?

స్టైలో హమాటా మన రాష్ట్రాల్లో బాగా ప్రచారం పొందింది, ఎర్ర నేలలకు అది చక్కటి మేత. కానీ సున్నం ఎక్కువైన బరువు నేలలో నిలబడదు. ఈ కారణంగానే నెర్రెలిచ్చే బంక నేలలు విస్తారంగా ఉన్న ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో అలాంటి నేలల కోసం వేరే జాతులను ఎంపిక చేశారు: స్టైలో సీబ్రానా, డెస్మాంథస్, మన శంఖుపుష్పం. ఈ డెస్మాంథస్ మనకు కొత్తది కాదు, హెడ్జ్ లూసర్న్ లేదా దశరథ గడ్డి పేరుతో తెలిసినదే. ఇది మేకలు, గొర్రెలు గట్టిగా మేసినా మొదలు నుంచి తిరిగి చిగురిస్తుంది, కడుపు ఉబ్బరం కలిగించదు.

చెట్టు మేతగా సుబాబుల్ నల్లరేగడిలో చక్కగా పెరుగుతుంది. అందులో మిమోసిన్ అనే విష పదార్థం ఉంటుంది కనుక మొత్తం మేతలో మూడో వంతు మించకుండా చూడాలి. నల్లతుమ్మ ఈ నేలకు పుట్టుకతో తగిన చెట్టు. వేసవిలో దాని కాయలు గొర్రెలకు బలమైన మేత.

కొత్తగా గడ్డి ఎప్పుడు, ఎలా విత్తాలి?

పొడి దుక్కిలో, నెర్రెలు తెరిచి ఉండగా విత్తితే చిన్న గింజలు లోపలికి జారిపోయి మళ్లీ పైకి రాలేవు. తొలి వానలకు నెర్రెలు మూసుకుని, పైమట్టి పలుకులుగా విచ్చిన తర్వాత, ముసురు ఆశించే రోజుల్లో విత్తాలి. గడ్డి గింజను సెంటీమీటరు కంటే లోతుకు పోనివ్వవద్దు. ఈ నేల పైపొర ఎండకు త్వరగా ఆరిపోతుంది కాబట్టి, మొలక దశలో వారం రోజులు వాన రాకపోతే విత్తినదంతా పోయే ప్రమాదం ఉంది. ఆ కారణంగా విత్తనం కంటే వేరు పిలకలు నాటడమే నల్లరేగడిలో నమ్మదగిన పద్ధతి. పాత బీటి నుంచి మార్వెల్ దుబ్బులు తవ్వి, పిలకలుగా విడదీసి, జూలై వానల్లో వాలుకు అడ్డంగా అడుగున్నర ఎడంతో నాటండి. దశరథ గడ్డి గింజను మరిగించి దించిన నీటిలో మూడు నాలుగు నిమిషాలు ముంచి, చల్లటి నీటిలో రాత్రంతా నానబెట్టి విత్తితే మొలక శాతం పెరుగుతుంది. మొదటి ఏడు పశువులను తోలకుండా, పూత తర్వాత ఒకసారి కోసుకోవడం మంచిది.

ఎరువులు వేయాలా? ఏమి వేయాలి?

మట్టి పరీక్ష చేయించి వేయాలి. సాధారణంగా లాభం చూపేది భాస్వరం, ముఖ్యంగా పప్పుజాతి మొక్కలు కలిపిన బీటిలో. ఎకరాకు 100 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 16 కిలోల భాస్వరంతో పాటు కొంత గంధకాన్నీ ఇస్తుంది. చల్లినది సున్నంతో కలిసి పైనే బిగుసుకుపోతుంది కనుక గొర్రుతో వరుసల్లో దించగలిగితే మేలు. జింకు లోపం తేలితే ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయవచ్చు. భాస్వరం ఎరువుతో కలిపి మాత్రం వేయవద్దు.

యూరియా విషయంలో జాగ్రత్త అవసరం. క్షార గుణం ఉన్న నేల మీద పైపైన చల్లి వదిలేస్తే చాలా భాగం అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, నీరు నిలిచిన నేలలో వేస్తే మరో రూపంలో పోతుంది. తేలికపాటి వాన ముందు వేయడం ఒక్కటే మధ్యేమార్గం.

గొర్రెల మంద కట్టించడం ఈ నేలకు పనికివస్తుందా?

ఎంతో పనికివస్తుంది. గొర్రె ఎరువులో సుమారు 3 శాతం నత్రజని, ఒక శాతం భాస్వరం, 2 శాతం పొటాష్ ఉంటాయి, మూత్రం నేరుగా నేలలోకి ఇంకుతుంది. కోత తర్వాత, నేల ఎండి ఉన్నప్పుడు, ప్రతి రాత్రీ తావు మార్చుతూ మంద కట్టించాలి. బోడిబారిన తావులనే ఎంచుకుని అక్కడ కట్టిస్తే, మంద మేసి వచ్చిన గడ్డి గింజలు కూడా పెంటికలతో పాటు చేరుతాయి. అదే చోట వరుసగా చాలా రాత్రులు కట్టిస్తే మేలుకు బదులు గొర్రెల తొక్కుడే మిగులుతుంది. కాపరులకు ఇచ్చే ధాన్యమో డబ్బో ఎరువు ఖరీదుతో పోలిస్తే తక్కువే.

బీటిలో కొన్నిచోట్ల ఏమీ మొలవడం లేదు. అది చౌడేనా?

కావచ్చు. ఆ చోటి నుంచి బఠాణీ గింజంత ఎండు మట్టి పలుకును తీసుకుని, గ్లాసులో వాన నీటిలో గానీ బ్యాటరీలకు పోసే శుద్ధమైన నీటిలో గానీ కదపకుండా వేయండి. పలుకు విచ్చిపోయి పొడిగా కుప్పపడితే అది ఈ నేలకు సహజమే. కొన్ని గంటల్లో పలుకు చుట్టూ పాలలాంటి తెల్లటి పొగ పరచుకుంటే సోడియం ఎక్కువైనట్టు. బోరు నీటితో ఈ పరీక్ష చేయకూడదు, అందులోని లవణాలు ఆ లక్షణాన్ని దాచేస్తాయి.

సోడియం తేలితే మట్టి పరీక్ష చెప్పిన మోతాదులో జిప్సం వేసి, వాన నీరు దాన్ని కిందికి తీసుకుపోయేలా మురుగు దారి చూపాలి. నీరు బయటికి పోయే దారి లేకుండా జిప్సం వేయడం డబ్బు దండగ. సమస్య పైపొరలో కాక రెండు మూడు అడుగుల కింద ఉంటే జిప్సం కంటే చౌడును తట్టుకునే గడ్డిని ఎంచుకోవడమే తెలివైన పని.

నిలిచే నీటిని ఎలా తీయాలి?

వాలును అనుసరించి తక్కువ లోతున్న, వెడల్పైన, గడ్డి మొలిపించిన కాలువలు తీయండి. లోతైన నిటారు కాలువలు ఈ నేలలో గట్లు విరిగి వాగులుగా మారతాయి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నల్లరేగడి వాటర్‌షెడ్లలో 1970ల నుంచి పంటలకు పరీక్షించిన ఎత్తుమడి–బోదె పద్ధతి వెనుక ఉన్న సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది: మిగులు నీరు నెమ్మదిగా, చెదిరి, కోత లేకుండా బయటికి నడవాలి, చివర ఒక కుంటలో చేరాలి. కొత్తగా గడ్డి వేసే పొలానికి ఆ ఎత్తుమడులనే వాడుకోవచ్చు.

ఈ బీళ్లలో పశువులకు వచ్చే ప్రత్యేక ప్రమాదాలు ఏమిటి?

బురదలో ఎక్కువ రోజులు నిలబడిన గొర్రెలకు గిట్టల మధ్య చర్మం నాని కుళ్లుతుంది. రాత్రి పూట పొడి మెరక తప్పనిసరి. నీరు నిలిచే పల్లాల్లో నత్తల ద్వారా కార్జపు జలగలు, వానాకాలం చివర సన్నదోమల వంటి కీటకాల ద్వారా నీలి నాలుక వ్యాధి వస్తాయి. తొలకరి తర్వాత లేత గడ్డిని ఆబగా మేసిన బలమైన పిల్లలు హఠాత్తుగా చనిపోతే చిటుకు రోగాన్ని అనుమానించాలి. దానికి టీకా వానలకు ముందే వేయించాలి, రోగం వచ్చాక సమయం ఉండదు.

నల్లరేగడి ప్రాంతంలో మరో ముప్పు జొన్న. కోసిన మోళ్ల నుంచి వచ్చే లేత పిలకల్లో, బెట్టకు గిడసబారిన మొక్కల్లో ప్రాణాంతకమైన సైనైడు విషం తయారవుతుంది. మోకాలెత్తు దాటని జొన్న పిలకలున్న చేలో ఆకలి మీదున్న మందను తోలవద్దు. తిన్న కొద్ది నిమిషాల్లోనే పశువు ఆయాసపడి తూలితే వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. సోడియం థయోసల్ఫేట్ సూది సకాలంలో పడితే బతికే అవకాశం ఉంది.

సర్కారు తుమ్మ, వయ్యారిభామ ఆక్రమించిన బీటిని ఎలా బాగుచేయాలి?

సర్కారు తుమ్మను నేల మట్టానికి నరికితే మరింత గుబురుగా చిగురిస్తుంది. మొదలును వేరుతో సహా తీయాలి, దానికి నేల కొంచెం తడిగా ఉన్న సమయం అనుకూలం. గుంటలు పూడ్చి అక్కడే గడ్డి పిలకలు నాటాలి. దాని కాయలు తిన్న పశువుల పేడలో గింజలు చెక్కుచెదరకుండా వస్తాయి కాబట్టి, అలాంటి మేత నుంచి వచ్చిన మందను నేరుగా శుభ్రమైన బీటిలోకి తోలవద్దు. వయ్యారిభామను పూతకు ముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకించాలి. గడ్డి మూసిన నేలలో దానికి చోటు దొరకదు. అది కనిపించిన చోటల్లా అంతకుముందు తడిలో తొక్కుడు జరిగిందేమో చూడండి.

ఊరి ఉమ్మడి మేత భూమికి ఇవన్నీ ఎలా వర్తిస్తాయి?

నేల శాస్త్రం మారదు. మారేది నిర్ణయం తీసుకునేవారు. ఉమ్మడి బీటిలో ఒక్కరు ఆగితే లాభం లేదు, అందరూ ఆగాలి. మూడు ముక్కల్లో ఒకదాన్ని జూన్ నుంచి అక్టోబరు దాకా మూయడానికి గొర్రెల కాపరులు, పాడి రైతులు, పంచాయతీ కలిసి ఒప్పుకుంటే అదే పెద్ద అడుగు. ఆ నిర్ణయంలో భూమి లేని కాపరుల మాట మొదట వినాలి, ఎందుకంటే మూసిన ముక్క భారం ముందుగా వారి మందల మీద పడుతుంది. మూసిన ముక్క నుంచి గడ్డి కోసుకునే హక్కును వారికే ముందు ఇస్తే ఒప్పందం నిలుస్తుంది.

కంచె స్తంభాలు, నీటి కుంటలు నిలవాలంటే?

స్తంభాల గుంటలు మూడు అడుగులకు తగ్గకుండా తవ్వి, తవ్విన నల్లమట్టితో కాకుండా మొరంతో నింపి దిమ్మిస కొట్టండి. మూల స్తంభాలకు తప్పక ఊతం ఇవ్వాలి. నేల మధ్యస్థంగా తడిగా ఉన్నప్పుడు తీగ బిగిస్తే రెండు కాలాల్లోనూ సర్దుకుంటుంది. కుంట విషయంలో, తడిసిన నల్లరేగడి నీటిని బాగా ఆపుతుంది కానీ పూర్తిగా ఎండితే నెర్రెలు పడి, మరుసటి ఏడు తొలి నీరు వాటిలోకి పోతుంది. గట్టు కూడా అలాగే చీలుతుంది. గట్టుకు నల్లమట్టి మీద అడుగు మందం మొరం కప్పి గడ్డి నాటండి. పశువులను కుంటలోకి దిగనివ్వకుండా నీటిని బయట తొట్టిలోకి తెచ్చి, తొట్టి చుట్టూ నాలుగైదు గజాల మేర రాళ్లు పరిస్తే వాన రోజుల్లో కూడా అక్కడ బురద కాదు.